ఏ గదో చెప్పాలి

బావా,

మీ హాస్టల్ పాత పొగ డిటెక్టర్లు బాగానే పనిచేస్తున్నాయి, పారేయక్కర్లేదు. మాడ్యూల్ అనే చిన్న డబ్బా పెడితే మంట ఎక్కడో చూపించే కొత్త అలారం ప్యానెల్‌తో కలిసిపోతాయి. కానీ అంతస్తు మొత్తానికి ఒకే డబ్బా చాలన్న మీ మాట మాత్రం నేను వినను. అలా చేస్తే మంట ఎక్కడున్నా ప్యానెల్ "రెండో అంతస్తు" అనే చూపిస్తుంది. మొన్న అలారం మోగితే ఏ గదో తెలియక మీరు వరుసగా తలుపులన్నీ బాదుకుంటూ వెళ్లారు. పొగేమో చివరి గదిలో! అందులో రాత్రి డ్యూటీ చేసొచ్చిన అక్క నిద్రపోతోంది. పిడుగు పడ్డా లేవదని మీకూ తెలుసు.

అందుకే గదికో డబ్బా పెడుతున్నాను. మొండిఘటమని తిట్టుకోండి, పర్లేదు. మొదటిది అక్క గదికే పెట్టి, ప్యానెల్‌లో "అక్క" అని పేరెక్కించాను. ఆ పేరు కనబడితే తలుపు తట్టకండి, బద్దలుకొట్టండి.

మీ మరదలు