మంత్రుల జాబితాలో ఆఖరి పేరు

తమ్ముడూ, మనవాడు మంత్రి అయ్యాడురా! పద్దెనిమిది మంది జాబితాలో ఆఖరి పేరు వాడిదే. నేను కుట్టిన కోటు వేసుకునే ప్రమాణం చేశాడు. దర్జీ కొడుక్కి ఆనకట్టల శాఖ! నాకు కాళ్లు నేల మీద ఆనడం లేదు.

ఆ శాఖ కావాలని పెద్ద మంత్రులెవరూ అడగలేదట. మీ ఊరి ఎగువనున్న ఆనకట్ట గట్టిగా ఉందని రాసిన కాగితం మీద సంతకం పెట్టనని పాత మంత్రి తప్పుకున్నాడట. పెడతానన్నాకే మనవాడికి చోటు దొరికింది. మెడలో దండలు తీయకముందే పెట్టించుకున్నారు.

ఇంటికొచ్చి అన్నం ముట్టలేదు.

"నాన్నా, వానలు మొదలయ్యేలోగా బాబాయిని ఇక్కడికి రప్పించు" అన్నాడు.

"నీ సన్మానానికి రాకుండా ఉంటాడేంట్రా?" అన్నాను.

"సన్మానానికి కాదు, ఇక్కడే ఉండిపోవడానికి. ఎందుకని అడక్కు. బయట ఎక్కడా అనకు."

మిగతా ఊరి మాట వాడు ఎత్తలేదు. నేనూ అడగలేకపోయాను.

నువ్వు గొడ్లూ గోదా అని కూర్చోకు, ఈ ఉత్తరం అందగానే బయల్దేరు. వాడు నీ ఒక్కడి పేరే చెప్పాడు గానీ నాకు మనసొప్పడం లేదు. ఈ శుభవార్త వీళ్లందరికీ చెప్పి, సన్మానమని చెప్పి, వెంటబెట్టుకురా: ఏటి ఒడ్డునున్న పెద్దక్క, ఆవిడ ముగ్గురు మనవలు, వంతెన పక్కనుండే మీ వియ్యంకుడు, పల్లపు వీధిలో చిన్న చెల్లెలు, బావ, నెలలు నిండిన వాళ్ల కోడలు.