నాన్న కనిపించని టేపు

బర్బ్యాంక్ నగరవాసిని, కాలేజీలో సినిమా చరిత్ర చెప్పే లెనోర్ ట్వెట్ అనే నేను, నలభై ఆరో ఏట, వచ్చే గురువారం గుండె ఆపరేషన్‌కు వెళ్లేముందు, ఎవరి బలవంతమూ లేకుండా ఈ వీలునామా రాస్తున్నాను. మతి స్థిమితంగా ఉందని డాక్టరు రాసిచ్చాడు. నాకు మాత్రం దేనిమీదా అంత గట్టి నమ్మకం ఎప్పుడూ లేదు. దీన్ని అమలు జరిపే బాధ్యత లాయరు ఇడా ప్రెస్కాట్‌ది.

1. నాన్న ఆరిన్ ట్వెట్ టీవీలో, సినిమాల్లో వేసిన చిన్నచిన్న వేషాల టేపులన్నీ మా కాలేజీ లైబ్రరీకి. జడ్జి వేషాలకు పెట్టుకున్న అద్దాల్లేని కళ్లజోడు పక్కింటి ఫ్యూంటెస్‌గారికి. నాన్న అది పెట్టుకుంటే చాలు, ఆవిడ కోర్టులో ఉన్నట్టు లేచి నిలబడేది.

2. పేరు రాయని టేపు ఒకటుంది. ఇక్కడ నా తప్పు ఒప్పుకోవాలి. నాన్న పోయాక పెట్టెలు సర్దుతూ, ఆయన ఎక్కడా కనిపించని షూటింగు టేపులు పదకొండు నేనే చెత్తలో పారేశాను. ఇంత చదివినదాన్ని! ఆయనతో ఏడేళ్లు ఒకే సీరియల్లో చేసిన హీరోయిన్ రోసలిండ్ కీహోగారు అది విని, "పిచ్చిపిల్లా, వాటినిండా ఉన్నది మీ నాన్నేనే!" అని తల కొట్టుకున్నారు. కెమెరా ఆవిడ ముఖం మీద ఉన్నప్పుడు ఎదుటి నటుడు ఫ్రేములో ఉండడు. చాలామంది వెళ్లి వ్యానులో పడుకుంటారు. వాళ్ల మాటలు ఎవరో కాగితం చూసి చదివేస్తారు. నాన్న ఒక్కసారీ వెళ్లలేదట. ఎవరూ చూడరని తెలిసీ, కెమెరా పక్కన కూర్చుని ప్రతిసారీ నిజంగా ఏడ్చేవాడట. "నాకు అవార్డు తెచ్చిన ఏడుపు మీ నాన్న పెట్టిన భిక్షే అమ్మాయ్" అన్నారావిడ.

మిగిలింది ఈ ఒక్క టేపే. నాలుగు నిమిషాలూ ఆవిడ ముఖమే. ఆ సీన్లో నాన్నకు మాటల్లేవు. మూడో నిమిషంలో ఆవిడ కళ్లు మెల్లగా పైకి లేస్తాయి, ఎదురుగా ఎవరో కుర్చీలోంచి లేచినట్టు. ఆ లేచిన మనిషిలో ఏం చూశారో, కళ్లనిండా నీళ్లు. నటన గురించి ఇరవై ఏళ్లు పాఠం చెప్పినదాన్ని, టీవీకి ఇంకా దగ్గరగా జరిగి కూర్చున్నాను. ఈ టేపు రోసలిండ్‌గారికి.

3. ఇల్లు తమ్ముడు క్లైడ్‌కు. నాన్న అంత్యక్రియల రోజున వాడు, "ముప్ఫై ఏళ్లు తెరమీద తలుపులు తీసి, కాఫీలు పోసి వెళ్లిపోయాడక్కా మన నాన్న" అని నవ్వాడు. అందుకని ఒక షరతు: ఆ టేపు రోసలిండ్‌గారికి ఇచ్చేసే ముందు ఇడా వాణ్ణి కూర్చోబెట్టి పూర్తిగా చూపించాలి. "ఇందులో నాన్నేడీ?" అంటే జవాబు చెప్పొద్దు. మళ్లీ వేయాలి. అప్పటికీ కనిపించలేదంటే ఇంటి తాళాలు ఇచ్చేయండి, వాణ్ణి ఏమీ అనొద్దు. నేను చూసింది నాన్ననేనా అని నాకే అనుమానం వచ్చే రోజులున్నాయి. ఆ రోజుల్లో నేనూ మళ్లీ వేసుకున్నాను.

2019 మార్చి 8, బర్బ్యాంక్.

(సంతకం) లెనోర్ ట్వెట్

ఇందులో తమకేమీ రాదని తెలిసి, నా ఎదుట సంతకాలు చేసిన సాక్షులు:
హెర్షెల్ బాయిడ్, ప్లంబరు
వాండా క్రైడర్, నర్సు