చిలగడదుంపల ఆదివారం

స్వాతీ,

ఈ ఉత్తరం నీకు పంపను. నువ్వూ మావాడూ విడిపోయాక నీకు ఫోన్ చేయడం బాగోదన్నాడు వాడు. వచ్చే నెలలో వాడికి మళ్లీ పెళ్లి.

అయినా ఈ మాట నీకే చెప్పాలనిపించింది. నా షుగర్ అదుపులోకి వచ్చింది. "ఏం తింటున్నారండీ?" అని డాక్టరుగారు ఆశ్చర్యపోయారు. నువ్వు నేర్పిందే తింటున్నానమ్మా. ఆదివారం పొద్దున్నే చిలగడదుంపలు తొక్కతోనే ఆవిరి మీద ఉడికిస్తాను. కొర్రలు వండి, చల్లారాక ఉడికించిన అలసందలు కలిపి, నీలాగే చిన్న డబ్బాల్లో సర్ది ఫ్రిజ్‌లో పెడతాను. నువ్వు జిమ్‌కి పట్టుకెళ్లడానికి అవి సర్దుకుంటుంటే, "పిట్టలకి వేసే గింజల్లా ఉన్నాయేమిటే?" అని నవ్వేదాన్ని. "ఒక్క ముద్ద తినండి అత్తయ్యా, తర్వాత తిట్టండి" అంటూ నా నోట్లో పెట్టేదానివి. ఇప్పుడు వంటింట్లో కుక్కరు కూత తప్ప ఇంకో మాట వినపడదు.

ఇవాళ గోదావరి గట్టున నడక అయ్యాక బెంచీ మీద కూర్చుని డబ్బా తీశాను. పక్కవీధి సత్యవతిగారికి ఒక దుంప ముక్క ఇస్తే, "కమ్మగా ఉందండీ. ఎవరు నేర్పారేంటి?" అన్నారు.

"మా కోడలండీ" అన్నాను. ఎంత సులువుగా వచ్చేసిందో ఆ మాట!

"అమ్మాయి ఇప్పుడు ఏ ఊళ్లో ఉంటోందండీ?"

నాకు తెలియదు స్వాతీ. హైదరాబాదులో అని అబద్ధం చెప్పి, ఆవిడ చేతిలో ఇంకో ముక్క పెట్టాను.

మీ అత్తయ్య