సూది చెప్పిన అబద్ధం

నరసరావుపేట,
14-9-1986.

మాబున్నీసా అక్కకి తమ్ముడు సుభానీ సలాములు.

ఇక్కడ నీ మరదలు సైదాబీ, పిల్లలు క్షేమం. నేనూ క్షేమమే అని రాయాలి. కానీ కూర్చుంటే లేవాలని, లేస్తే బజారు చివరిదాకా పోయి రావాలని ఉంటోంది. ఈ ఉత్తరం మొదలుపెట్టడం ఇది మూడోసారి. కొత్త ఊరు విజయపురి సౌత్ నీళ్ళు మీకు పడ్డాయా? నీ మోకాలికి సైదాబీ నూనె కాచి ఉంచింది.

ఆ పచ్చతెర మిషను ఉందా, అమ్మేశావా అని అడిగావు. ఉంది. నువ్వెప్పుడూ మన టీవీ రిపేరు షాపులోకి రాలేదు కనక చెబుతున్నా, దాన్ని ఆసిలోస్కోపు అంటారు. టీవీ లోపల కరెంటు అల ఎట్లా నడుస్తోందో తెర మీద గీసి చూపిస్తుంది. హైదరాబాదులో పాతది కొన్నాను. టీవీలో ముట్టించి చూసే సూది, అదే ప్రోబు, మాత్రం దానితో రాలేదు. నేనే చేశాను. బాల్‌పెన్ను గొట్టంలో దబ్బనం, దాని వెనక రెండు గజాల యాంటెన్నా కేబులు. చూసినవాళ్ళంతా మెచ్చుకున్నారు. నాకు నెత్తిన కొమ్ములు మొలిచాయి.

"మీ బావ నోరు విప్పడు, అసలు షాపు ఎందుకు వదిలొచ్చాడు?" అని కూడా అడిగావు. కిరాణా కొట్టు సుబ్బారావు గారి టీవీకి బావ రాగి తీగతో కాయిలు చుట్టాడు. నేను సూది పెట్టి చూస్తే అల నిటారుగా లేచి, పైన వణుకుతోంది. చుట్టు తప్పన్నాను. బావ విప్పి మళ్ళీ చుట్టాడు. అదే వణుకు. మూడోసారీ అంతే.

"బొమ్మ బాగానే వస్తాంది గదరా. నీ సూది సంగతేందో ముందు చూసుకో," అన్నాడు బావ.

"సూదికేమైంది? నీకే చూపు ఆనటం లా. ఇంక చుట్టటం మానెయ్ బావా," అన్నాను.

సుబ్బారావు గారి ముందే అన్నాను. ఇరవై ఏళ్ళుగా తీగ చుడుతున్న మనిషిని, నాకు టంకం పెట్టడం నేర్పిన మనిషిని. బావ లేచి సాయంత్రం అసర్ నమాజుకి వెళ్ళాడు.

ఇంతవరకు బజారులో అందరికీ తెలుసు. ఆ తరవాతది సైదాబీకి కూడా తెలీదు. బావ మసీదులో ఉండగా నాకు మనసు ఆగలేదు. మిషను ముఖం మీద ఒక చిన్న కొక్కెం ఉంటుంది. సూది సరిగా ఉందో లేదో చూసుకోవడానికి మిషను తన సొంత అలను అక్కడికి పంపుతుంది, బావ కాయిలుతో దానికి పనే లేదు. దానికి సూది తగిలించాను. అక్కడా అదే వణుకు. తప్పు నా కేబులుది అక్కా. ప్రతి కేబులుకీ ఒక ఓముల లెక్క, అంటే కరెంటును అడ్డే కొలత, ఉంటుంది. కొసన ఆ లెక్క కుదరకపోతే వెళ్ళిన అల గోడకు కొట్టిన బంతిలా వెనక్కొస్తుంది. సూది దగ్గర ఆ కేబులు లెక్కకు సరిపోయే డెబ్బై అయిదు ఓముల రెసిస్టరు అతికించాను. వణుకు పోయింది. బావ కాయిలు మీద పెట్టి చూశాను. అల స్కేలు పెట్టి గీసినట్టుంది.

అప్పుడే బావ వచ్చాడు. తన కత్తెర, తీగ చుట్టే పిడి సంచిలో వేసుకున్నాడు. "పోతన్నా సుభానీ," అన్నాడు. సుబ్బారావు గారు ఇంకా బల్లమీదే కూర్చుని ఉన్నారు. ఆయన ముందు నా పరువు పోతుందని భయమేసింది. బావ తెర వైపు చూడకముందే మిషను స్విచ్చి ఆపేశాను.

నలభై రోజులైంది. జాన్ సాహెబు బావకి చూపు పోయిందని బజారులో చెప్పుకుంటున్నారు. ఆ మాట పుట్టింది నా నోట్లోనే. సిగ్గుతో చచ్చిపోతున్నాను.

ఎవరి ముందు అన్న మాటను వాళ్ళ ముందే మింగాలి అనేవాడు కదా మన అబ్బాజాన్. నిన్న సుబ్బారావు గారికి అంతా చెప్పాను. "ఏందయ్యా, ఇది చెప్పటానికి ఇన్నాళ్ళా!" అని కసిరి, తనూ వస్తానన్నారు. శుక్రవారం జుమ్మా నమాజు అయ్యాక ఇద్దరం మాచర్ల బస్సెక్కి, అక్కడ మారి మీ ఊరు వస్తాం. బావకి ముందే చెప్పకు, చెబితే ఇంట్లో ఉండడు. తలుపు తియ్యకపోతే గుమ్మం బయటే నిలబడి మీ వీధంతా వినేట్టు చెబుతాను. మళ్ళీ షాపుకి రమ్మని అడగను, అడిగే ముఖం నాకు లేదు. ఆయన చూపు బాగుందని, అది నాకు ఆ రోజే తెలుసని చెబుతాను.

ఇట్లు,
బావ దగ్గర పని నేర్చుకున్న నీ తమ్ముడు,
సుభానీ.