లోపలి గడియ

డాక్టరు గారికి నమస్కారాలు.

రోజువారీ పద్దులు రాసుకోవడం తప్ప ఉత్తరాలు రాయడం నాకు రాదు. తప్పులుంటే మన్నించండి.

పోయిన వారం మా తమ్ముణ్ణి మీ మానసిక వైద్య విభాగానికి తెచ్చాను. "నిద్రలో ఎవరో నా గొంతు పిసుకుతున్నారండీ" అని వాడు మీతో అన్నాడు. పాత జబ్బు తిరగబెట్టిందని మీరు నిద్ర బిళ్ళ పెంచారు. నేనూ అలాగే అనుకున్నాను. ఎందుకైనా మంచిదని వాడి పక్కనే పడుకుని చూశాను.

పిసికేవాళ్ళెవరూ లేరు గానీ, వాడు చెప్పింది అబద్ధం కాదు. పాత జబ్బుకి మందులు మొదలయ్యాక బాగా లావెక్కాడు. పెద్దగా గురక పెడుతూ ఉన్నట్టుండి ఆగిపోతాడు. ఛాతీ ఎగసిపడుతుంది, ఊపిరి మాత్రం లోపలికి పోదు. భుజాలు పట్టి కుదిపి లేపేవాణ్ణి. అలా లేపగా లేపగా, ఒకసారి కళ్ళు తెరిచి నా చేతులవైపు చూశాడు.

"నువ్వా అన్నయ్యా? ఇన్నాళ్ళూ నువ్వేనా?" అన్నాడు.

అప్పటినుంచి లోపల గడియ పెట్టుకుని పడుకుంటున్నాడు. మా ఆవిడ బతిమాలినా, "నువ్వు ఆయన మనిషివేగా వదినా!" అంటాడు.

వాడి ఊపిరికి చేయాల్సిన పరీక్ష దయచేసి వెంటనే చేయించండి. ఆ బిళ్ళ ఇవ్వాలో మానాలో ఈ ఉత్తరం తెచ్చిన మా ఆవిడతో చెప్పి పంపండి. వాడికి నామీద నమ్మకం పోయింది, మీ మాటైతే వింటాడు. గడియ తీసి ఉంచమని ఫోన్లో మీరే ఒక్క మాట చెప్పండి.

ప్రస్తుతం నేను వాడి గుమ్మం బయటే కూర్చుంటున్నాను. గురక ఆగితే తలుపు బాదుతాను. "మళ్ళీ చంపడానికొచ్చావా? పో!" అని లోపలినుంచి అరుస్తాడు. ఆ మాట చెవిన పడ్డాకే మళ్ళీ కూర్చుంటాను.

ఇట్లు,
మీ రోగికి అన్న