బజ్జీల నూనె

అబీదా,

డబ్బాలో నూనె కూరలో వెయ్యొద్దు, పారబొయ్యి. బీపీ బిళ్ళ మర్చిపోకు.

అది కొత్త మిల్లు నూనె కాదు. మన హోటల్లో బజ్జీలు వేయగా మిగిలిన నూనెని వడకట్టి, మంచి నూనెలో కలిపి తెచ్చేవాణ్ణి. నీకు బీపీ అని తెలిశాక కూడా మానలేదు. వాసనేంటని నువ్వడిగితే మిల్లు మారిందన్నాను. మొన్న డాక్టరుగారు నీ రక్తంలో కొవ్వు పెరిగిందని, మాడిన నూనె వాడుతున్నావా అని కసిరారు. "మా ఆయన మంచి నూనే తెస్తారండి" అన్నావు. పక్కనే ఉండి విన్నాను.

డాక్టరుగారికి నిజం చెప్పడానికి విస్సన్నపేట బస్సుకి వెళ్తున్నాను.

మదార్

పెద్ద అక్షరాలతో రాశాను. నిదానంగా నువ్వే చదువుకో. అమ్మాయి చేత చదివించుకోకు.