మోటారు షెడ్డు వెనక బూడిద

గురువారం రాత్రి, కృత్తివెన్ను

అక్క దహనం అయిపోయింది. పడుకుంటే నిద్ర రావడం లేదు.

నిన్న పొద్దున్నే ఫోన్ చేసింది. "మోటారు షెడ్డులో పాము కరిచిందే. బావ కొట్టి చంపాడు. జెర్రిపోతేనట, విషం ఉండదట."

"జెర్రిపోతయితే అలికిడికే పారిపోతుంది కదక్కా?"

"ఇది పారిపోలేదే. లేచి నిలబడి బుసకొట్టింది. చీకట్లో పడగ ఉందో లేదో కనపడలేదు."

ఊళ్ళో ఆసుపత్రికి వెళ్ళమన్నాను. చెరువులో రొయ్యల పట్టుబడికి లారీ వచ్చేసిందట, సాయంత్రం తీసుకెళ్తానన్నాడట బావ. మధ్యాహ్నానికే రెప్పలు వాలిపోయాయి, మాట ముద్దయిపోయింది. బందరు తీసుకెళ్తుంటే దారిలోనే పోయింది.

"జెర్రిపోతనే అనుకున్నానమ్మా" అని బావ తల బాదుకుంటుంటే నేనే మంచినీళ్ళు తాగించాను.

ఇవాళ సాయంత్రం అక్క చెప్పులు తెద్దామని షెడ్డుకి వెళ్ళాను. వెనకాల బూడిద, పసుపు, ఖాళీ పాల ప్యాకెట్, మసిబారిన రూపాయి బిళ్ళ.

కాపలా ఆయన్ని అడిగాను. "నిన్న పొద్దున్నేనండి. మీ బావగారే పాముని దహనం చేశారు."

జెర్రిపోతుని చంపితే గట్టు అవతలకి విసిరేస్తారు. పాలు పోసి దహనం చేసేది నాగుపాముకే.

ఈ ఊళ్ళో పాల ప్యాకెట్లు దొరికేది ఆసుపత్రి ఎదురు కొట్లోనే.